సవరణ పట్టిక

లా పాజ్‌లో నీళ్లకి తొందరెక్కువ.
ఎనభై ఎనిమిది డిగ్రీలకే కుతకుతమంటాయి,
నెత్తిన మోపడానికి గాలికి బరువేదీ?
ఆ నీళ్లలో బంగాళాదుంప మాత్రం ఓ పట్టాన ఉడకదు,
పొయ్యి ముందు మా అమ్మ తిట్లు ఉడుకుతాయి.

కరగడం అలా కాదు.
సముద్రం ఒడ్డునైనా, ఈ కొండ నెత్తినైనా
వెనిలిన్ తన అంకె దగ్గరే కరుగుతుంది.
"మరిగేవాటిని నమ్మకు, ఫ్లోరెన్సియా" అనేవాడు
దోన్ అన్సెల్మో యుహ్రా.

మందుల పరీక్షశాలలో ఆయన కుర్చీ ఇప్పుడు నాది.
ఎత్తు తగ్గించుకున్నాను.
గోడకి ఆయన అంటించిన కాగితం జోలికి పోలేదు.
ఊదా సిరా, ఒదిగిన అక్షరాలు:
చదివినదాంట్లోంచి ఒకటీ పాయింటు రెండు తీసెయ్యి.

ఏడాదికోసారి తూకపురాళ్లనే తూచాలి కదా.
సన్న గాజుగొట్టం కొస మంటలో మూశాను,
తెరిచిన నోటిని పొడిలో పొడిచాను,
బల్లమీద తడుతూ తడుతూ అడుక్కి దించాను.
మూడు మిల్లీమీటర్లు. అంతకు మించి ఆశపడకూడదు.
వేళ్లకి ఐస్‌క్రీం బండి వాసన.

డెబ్బై ఏడు దాకా పరుగు.
అక్కణ్ణించి నిమిషానికి ఒక్క డిగ్రీ,
నిండు గర్భిణి మెట్లు దిగినట్టు.

ముందు చెమరుస్తుంది.
గోడని వదిలేస్తుంది.
కూలబడుతుంది.
ఓ అంచు తళుక్కుమంటుంది.
ఆఖరి పలుకు
ఉందా, ఉందా, ఉందా అనుకుంటుండగానే
గాజులో గాజైపోతుంది.

సర్టిఫికెట్ అంకెకీ నా అంకెకీ తేడా
డిగ్రీలో పదోవంతు.
ఎసిటనిలైడ్‌కీ అంతే.
రెండువందల ముప్ఫై ఆరు దగ్గర కెఫీన్‌కీ
పిసరు అటూ ఇటూగా అంతే.
మరి గోడ మీద ఒకటీ పాయింటు రెండు?

తప్పు నాదే అనుకున్నాను.
పొడులు మళ్లీ ఆరబెట్టాను,
కొత్త గొట్టాలు, ఒక్కోటి మూడేసిసార్లు.
పరికరం మాట మార్చలేదు.

బీరువాలోంచి పాత రిజిస్టర్లు దించాను, పందొమ్మిదేళ్లవి.
మొదటి ఏడు, పదోవంతు.
ఆరో ఏడు, మూడు వంతులు.
పోను పోను ఏడు, తొమ్మిది, పన్నెండు.
ఒక్కో ఏడు మూడు పొడులకీ అదే తేడా,
కిందిమెట్టునా పైమెట్టునా ఒకే తడబాటు.

పరికరం ముసలిదైతే
ఎక్కేకొద్దీ ఎక్కువ తూలాలి.
ఇలా అన్నిచోట్లా ఒకేలా వెనకబడేది
పరికరం కాదు.

నిమిషానికి డిగ్రీ. లెక్క కట్టాను:
డెబ్బై రెండు సెకన్లు.
ఇక్కడ అంతా కరిగిపోయాక కూడా
డెబ్బై రెండు సెకన్లపాటు ఆయనకి
తెల్లగా ఇంకేదో మిగిలే ఉండేది.
కంట్లో శుక్లం, దాని కరుగుస్థానం
ఏ పట్టికలోనూ లేదు.

గురువారం పెన్షన్ సంతకానికి వచ్చాడు,
టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
"ఎంతొచ్చింది?"
అబద్ధం నాలిక దాకా వచ్చింది.
"పదోవంతు."

రిజిస్టర్ మీద ఆయన వేలు
అంకెలు తడుముతూ పాకింది.
చాలాసేపటికి, గొంతు తగ్గించి,
"అయితే నేను పాస్ చేసిన మందులు?"
"అన్నీ సరైనవే, దోన్ అన్సెల్మో.
ప్రతిసారీ తీసేశారుగా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
కిటికీ వైపు తిరిగి,
"ఇయిమానీ మీద ఇవాళ మబ్బు దిగినట్టుంది" అన్నాడు.
కొండ ఉప్పుగల్లులా మెరుస్తోంది,
ఒక్క మబ్బు తునక లేదు.

ఆయన సొరుగులోనే ఇంకా ఉన్న ఊదా కలం తీశాను.
కంటి ఆసుపత్రి పేరు, ఎక్కాల్సిన కేబుల్‌కారు రంగు,
గుమాస్తాని అడగాల్సిన కిటికీ నంబరు
కాగితం నిండిపోయేంత పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చాను.
చేయి చాపి దూరంగా పట్టుకుని చూశాడు,
దగ్గరికి తెచ్చుకున్నాడు,
మళ్లీ దూరం.